బొగ్గుబాయి పిల్లల బ్యాండు

మా చర్చికి వచ్చే సుజాత అనే అమ్మాయికి ఈ మధ్యే ఒక బడిలో పీఈటీ ఉద్యోగం వచ్చింది. చేరీ చేరగానే ఆటలతో పాటు బ్యాండు కూడా ఆమె నెత్తిన పెట్టారట. "ఆంటీ, నాకు విజిల్ ఊదుడు తప్ప ఏం రాదు. మీరు ఇన్నేండ్లు ఎట్ల చేసిండ్రు?" అంటూ మొహం వేలాడేసుకుని వచ్చింది. టీ ఇచ్చి కూర్చోబెట్టి చెప్పడం మొదలుపెట్టాను. కొంతదూరం బాగానే చెప్పాను కానీ ఒక చోటికి వచ్చేసరికి ఖాళీ టీ కప్పులు తీసుకుని లేచాను. "తర్వాత చెప్తలే బిడ్డా" అని పంపించేశాను. నోటితో చెప్పలేనిది కాగితం మీద పెట్టొచ్చు కదా అని ఇది రాస్తున్నాను.

నా పేరు సలోమి. గోదావరిఖనిలో ఒక మిషన్ హైస్కూల్లో పీఈటీగా చేరాను, పీఈటీగానే దిగిపోయాను. మధ్యలో ప్రమోషన్లు రాలేదు కాబట్టి వాటి గురించి రాసే శ్రమ నాకూ, చదివే శ్రమ మీకూ తప్పింది. నేను చేసిన పనుల్లో ఖోఖో ఉంది, కబడ్డీ ఉంది, ప్రార్థన సమయంలో కళ్ళు తిరిగి పడిపోయే పిల్లల మొహాన నీళ్ళు చల్లడం ఉంది. కానీ ఏం పని చేశావని ఎవరైనా అడిగితే, ఆడపిల్లల బ్యాండు నడిపానని చెప్తాను. ఆ బ్యాండు ఇప్పుడు లేదు. ఎందుకు లేదో చెప్తాను. అంతకంటే ముందు అది ఎట్లా ఉండేదో చెప్పాలి.

బుగ్గలు, బిందెలు, బొగ్గు దుమ్ము

బ్యాండు అంటే జనానికి ఆగస్టు పదిహేను నాడు కనిపించే తెల్ల బట్టలు, మెరిసే ట్రంపెట్లు. టీచరుకు మాత్రం అది ఏడాది పొడుగునా ఉమ్మి, చెమట, ఇత్తడి పాలిష్ వాసన. ట్రంపెట్ ఊదినంతసేపూ నోటి తడి గొట్టంలోకి దిగుతుంది. ఆపినప్పుడల్లా దాన్ని వంపి కారబోయాలి. మొదటి వారం ఆడపిల్లలు "ఛీ ఛీ" అని పారిపోతారు. రెండో వారం నుంచి ఒకరి కాళ్ళ మీద ఒకరు వంపి నవ్వుకుంటారు. ఆ నవ్వు వచ్చిందంటే పిల్ల బ్యాండులో నిలుస్తుందని లెక్క.

తల్లులతో పడే పాట్లు వేరే. ఒకామె నేరుగా గ్రౌండులోకే వచ్చి నన్ను నిలదీసింది. "ఏంది టీచరమ్మా, పిల్ల బుగ్గలు పూరీల లెక్క ఉబ్బుతున్నయ్! రేపు దీన్ని ఎవడు చేసుకుంటడు?"

"బుగ్గలు చూసి చేసుకునేటోడు మనకెందుకక్కా?" అన్నాను.

ఆమెకు నవ్వొచ్చింది కానీ ఆపుకుంది. ఆ తర్వాత పిల్లను ఆపలేదు.

బొగ్గు ఊళ్ళో బ్యాండు నడపడమంటే దుమ్ముతో కాపురం. పొద్దున తుడిచి పెట్టిన ట్రంపెట్ సాయంత్రానికి నల్లటి పౌడరు రాసుకున్నట్టు ఉంటుంది. మీటలు బిగుసుకుపోతాయి. తెల్ల బూట్లకు సుద్ద రాసి ఎండబెడితే, వాటి మీద పడే దుమ్ముకు సుద్దే సిగ్గుపడాలి. పోటీలకు పోయినప్పుడు వేరే ఊళ్ళ పిల్లలు మా బట్టల వంక చూసేవాళ్ళు. "మాది తెలుపు కాదు, ఖని తెలుపు" అని మా పిల్లలే గొప్పగా చెప్పుకునేవాళ్ళు.

సుజాతా, మార్కులు చూసి పిల్లల్ని తీసుకోకు. నేను మొదట్లో హెడ్మాస్టరు మాట విని ఫస్టు ర్యాంకు పిల్లల్ని తీసుకున్నాను. వాళ్ళు ప్రతి తప్పుకూ ఆగిపోయి సారీ చెప్పేవాళ్ళు. బ్యాండులో సారీ చెప్పే పిల్ల వెనకాల ఉన్న పిల్లకు అడ్డం. ఆ తర్వాత నేను నల్లా దగ్గరికి పోయి నిలబడేదాన్ని. నీళ్ళ బిందె చంకన పెట్టుకుని, పక్కదానితో ముచ్చట పెట్టుకుంటూ, చుక్క ఒలకకుండా నడిచే పిల్లను చూసి పిలిచేదాన్ని. ఆ నడక ఉంటే డ్రమ్ము మోయొచ్చు.

ఇంకోటి. బాగా వాయించేవాళ్ళను ముందు వరుసలో పెట్టకు. అందరూ చూస్తారు కదా అని మొదటిసారి నేనూ అట్లాగే పెట్టాను. మైదానం సగానికి వచ్చేసరికి వెనక వరుస ఒక పాట, ముందు వరుస ఒక పాట. చూసేవాళ్ళు రెండు బడుల బ్యాండ్లు కలిసి వచ్చాయనుకున్నారు. గట్టి పిల్లల్ని వెనక పెట్టు. పాటను వెనక నుంచి నెట్టాలి.

సైరన్ మోగితే ఆపాలి

మా ఊళ్ళో షిఫ్టు వేళలకు సైరన్ మోగుతుంది. దానికి ఎవరూ తల కూడా తిప్పరు. వేళ కాని వేళ మోగితే మాత్రం వీధులన్నీ ఆడవాళ్ళతో నిండిపోతాయి. బాయిలో, అంటే బొగ్గు గనిలో, ఏదో అయిందని అర్థం. ఏ బాయి, ఎవరి షిఫ్టు, ఎవరు లోపల ఉన్నారు, ఇవే మాటలు. సైరన్ ఎటునుంచి వస్తోందో చెవి పెట్టి వింటే ఏ బాయో తెలుస్తుంది. అందుకని అందరూ నోరు మూసుకుని వింటారు.

నా మొగుడు పోస్టాఫీసులో గుమాస్తా. మా ఇంట్లో ఎవరూ బాయిలోకి దిగలేదు. అందువల్ల నాకు ఈ సంగతి తెలిసినా, ఒంటికి పట్టలేదు. నేను చేరిన కొత్తల్లో ఒకసారి వేళ కాని వేళ సైరన్ మోగింది. పిల్లలు ఆగబోతుంటే "కానియ్యండి, కానియ్యండి" అని నేను విజిల్ వేశాను. కాసేపటికి ఒక ముసలామె రొప్పుకుంటూ గ్రౌండులోకి వచ్చింది.

"ఓ టీచరమ్మా, నీ డప్పులు పాడుగాను! గీ సప్పుడుల మాకు సైరన్ ఏ దిక్కు మోగుతుందో ఇనరాలే. నా కొడుకు లోపలున్నడు. నీకేంది, నీ మొగడు కుర్సీల కూసునేటోడు!"

విజిల్ జేబులో పెట్టుకుని బ్యాండు ఆపించాను. ఆ రోజు ఎవరికీ ఏమీ కాలేదు, దేవుని దయ. కానీ మరునాటి నుంచి బ్యాండులో ఒక కట్టుబాటు పెట్టాను. వేళ కాని సైరన్ వినపడితే వాయిస్తున్నది ఏదైనా, ఎక్కడున్నా, ఆపేయాలి. ట్రంపెట్లు కిందికి దించాలి, డ్రమ్ము కర్రలు చంకలో పెట్టుకోవాలి, కదలకుండా నిలబడి వినాలి. ఇది కూడా పాట నేర్పినట్టే నేర్పాను. కొంతకాలానికి నేను విజిల్ వేయాల్సిన పని కూడా లేకుండా పోయింది. సైరన్ మోగిన క్షణంలో గ్రౌండంతా నిశ్శబ్దం. ఆ ముసలామె తర్వాత ఎప్పుడు కనపడ్డా "మంచిగున్నవా బిడ్డా" అని పలకరించేది.

లింగయ్య బిడ్డ

రజిత నీళ్ళ నల్లా దగ్గర దొరికిన పిల్లే. ఎనిమిదో తరగతిలో సైడ్ డ్రమ్ము ఇచ్చాను. వాళ్ళ నాయిన లింగయ్య బాయిలో పనిచేసేవాడు. మొదటి షిఫ్టు దిగి, స్నానం చేసి, సైకిలు గ్రౌండు కంచెకు ఆనించి నిలబడేవాడు. నేను ఎప్పుడైనా అటు పోతే అడిగేవాడు, "టీచరమ్మా, గా డ్రమ్ములల్ల మా రజితది ఏదో చెప్పుమంటవా?"

"చెప్పు చూద్దాం."

కళ్ళు మూసుకుని వినేవాడు. "గిదో, గిదే. కొంచెం జల్దివడ్తది. వాళ్ళ అవ్వ పోలిక" అని నవ్వేవాడు. నిజమే, రజిత ఎప్పుడూ రవ్వంత ముందు కొట్టేది. ఎంత తిట్టినా మారలేదు. లింగయ్య చెప్పిన తర్వాత నాకే తిట్టబుద్ధి కాలేదు.

ఆ పిల్ల తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక మధ్యాహ్నం ప్రాక్టీసు మధ్యలో సైరన్ మోగింది. అందరం ఆగిపోయాం. ఎంతసేపటికీ గేటు దగ్గర ఏ అలికిడీ లేదు. ఇక ఏం లేదులే అనుకుంటుండగా ఒక జీపు వచ్చి బడి ముందు ఆగింది. దిగినాయన హెడ్మాస్టరుతో ఏదో మాట్లాడి, నా వైపు చెయ్యి చూపించాడు. బాయి లోపల బండ పడింది. పడింది లింగయ్య మీద.

రజితను పిలిచాను. ఏం చెప్పానో నాకు గుర్తు లేదు. ఆమె డ్రమ్ము కర్రలు రెండూ నా చేతిలో పెట్టింది. "పట్టుకోండ్రి టీచర్, ఇప్పుడే వస్త" అంది.

దినాలన్నీ అయ్యాక మళ్ళీ బడికి వచ్చింది. క్లాసులో కూర్చునేది కాదు, పుస్తకం తీసేది కాదు. సాయంత్రం మాత్రం అందరికంటే ముందు గ్రౌండులో ఉండేది. ఒకరోజు నా దగ్గరికి వచ్చి, "టీచర్, నాకు పెద్ద డ్రమ్ము ఇయ్యండ్రి" అంది.

"అది నీకంటే పెద్దగుంటది. మోస్తవా?"

"మోస్త."

"ఎందుకే గదే కావాలె?"

"గట్టిగ కొట్టచ్చు."

ఇచ్చాను. ఇంకేం చేయను? పట్టీలు బిగించి బిగించి ఆమె భుజాలకు సరిపోయేట్టు కుట్టించాను. ముందు నుంచి చూస్తే డ్రమ్ము ఒక్కటే నడిచి వస్తున్నట్టు ఉండేది. వెనక వరుస మధ్యలో నిలబెట్టాను. ఇంకెప్పుడూ తొందరపడి ముందుగా కొట్టలేదు. నాకు అదొక బాధ. లింగయ్య ఉంటే ఇప్పుడు తన బిడ్డ దెబ్బను గుర్తుపట్టలేడు కదా అనిపించేది.

ఒక్క ప్రైజు

రజిత పదో తరగతికి వచ్చిన ఏడు మా కరస్పాండెంట్ గారు నన్ను గదిలోకి పిలిచారు. మంచి మనిషే. సంగీతమంటే మాత్రం తలనొప్పి. బ్యాండు పక్క నుంచి పోతే చెవుల్లో వేళ్ళు పెట్టుకుని, మర్యాదకు నవ్వుకుంటూ పోయేవారు.

"సలోమీ, తల్లిదండ్రులు కంప్యూటర్లు అడుగుతున్నరు. పిల్లలు తగ్గిపోతున్నరు. నాకు గది లేదు, బ్యాండు రూమ్ ఒక్కటే ఉన్నది. కమిటీల అందరు తీసేయమనే అంటున్నరు. ఈసారి స్టేట్ పోటీల ఏదన్న ఒక ప్రైజు తీసుకరా. మూడోదైనా పర్వాలే. గప్పుడు నేను వాళ్ళ నోరు మూపిస్త. లేకుంటే నా చేతుల లేదమ్మా."

ఆయన మీద నాకు కోపం రాలేదు. బాసులు నాకు చాలామంది తగిలారు, చాలామంది కాదనే మాటను అవును లాగా చెప్పేవాళ్ళు. ఈయన ఉన్నది ఉన్నట్టు చెప్పారు.

పిల్లలకు చెప్పాను. దాచి ఏం లాభం? స్వరూప అని బ్యాండు లీడరు ఉండేది, మెయిన్ ట్రంపెట్ ఆమెదే. పాట ఎత్తుకునేది ఆమె. "మనం తెస్తం టీచర్, ఫికర్ చెయ్యకుండ్రి" అని ఎగిరి గంతేసింది. రజిత పెద్ద డ్రమ్ము పట్టీలు విప్పుకుంది. అందరూ పోయాక డ్రమ్ముకు గుడ్డ కప్పుతూ అడిగింది, "బ్యాండు పోతే నేను బడికొచ్చి ఏం చెయ్యాలె టీచర్?"

ఆ ఏడు మేము తయారుచేసినట్టు ఇంకెప్పుడూ చేయలేదు. అందరిలాగా పరేడు పాటలు వద్దనుకున్నాం. బతుకమ్మ ఆటలో వేసే అడుగునే మార్చ్‌గా మలిచాం. ముందు వరుసలుగా నడిచి వచ్చి, మైదానం మధ్యలో గుండ్రంగా తిరిగి, మళ్ళీ వరుసలుగా విచ్చుకుని, జడ్జీల ముందు నిలబడి ముగించాలి. గుండ్రం తిరిగేటప్పుడు ట్రంపెట్లు తగ్గిపోయి పెద్ద డ్రమ్ము ఒక్కటే అడుగు వేయిస్తుంది. అది వింటుంటే నాకే కాళ్ళు ఆడేవి. జిల్లాలో గెలిచాం. జోన్‌లో గెలిచాం. కరస్పాండెంట్ గారు చెవుల్లో వేళ్ళు తీసేసి ఒకరోజు పూర్తిగా విన్నారు.

హైదరాబాద్ గ్రౌండులో

రామగుండం స్టేషన్లో రైలెక్కి హైదరాబాద్ పోయాం. పిల్లల్లో చాలామందికి అదే మొదటి ప్రయాణం. పోటీ రోజు మా వంతు మధ్యాహ్నం భోజనాల తర్వాత వచ్చింది. జడ్జీల్లో పెద్దాయన రిటైరైన సైనికుడు, మిలిటరీ బ్యాండులో పనిచేసినవాడు. మా పిల్లల మొదటి అడుగుకే ఆయన కలం పక్కన పెట్టి ముందుకు వంగి చూడటం నాకు కనపడింది. అంతే, ప్రైజు వచ్చినట్టే అనుకున్నాను. అట్లా అనుకోవడం ఎంత బాగుంటుందో!

గుండ్రం తిరగడం మొదలైంది. ట్రంపెట్లు తగ్గాయి. సరిగ్గా అప్పుడు గ్రౌండు వెనకాల ఏదో కార్ఖానాలో సైరన్ మోగింది. అచ్చం మా బాయి సైరన్‌లా పొడుగ్గా, ఆగకుండా.

పిల్లలందరూ ఒక్కసారిగా ఆగిపోయారు. ట్రంపెట్లు కిందికి దిగాయి. కర్రలు చంకల్లోకి పోయాయి. తలలు పక్కకు వంచి వింటున్నారు, నేను నేర్పినట్టే. హైదరాబాద్‌లో బొగ్గుబాయి ఎక్కడుందని ఆ చెవులకు ఎవరు చెప్పాలి?

పెద్ద డ్రమ్ము ఒక్కటే ఆగలేదు. రజిత అడుగు తప్పకుండా, గుండ్రం మధ్యలో ఒక్కతే తిరుగుతూ కొడుతూనే ఉంది. చూసేవాళ్ళు ఇది కూడా ఆటలో భాగమే అనుకుని చప్పట్లు కొట్టారు. ఆమె మొహం నాకు కనపడుతోంది. ఎత్తుకోండి, ఎత్తుకోండి అన్నట్టు ఒక్కొక్కరి వంక చూస్తోంది. ఎవరూ ఎత్తుకోలేదు. చివరికి జడ్జి విజిల్ పడింది. అప్పటికి గానీ ఆమె ఆపలేదు.

నేను పరుగెత్తుకుంటూ జడ్జీల దగ్గరికి పోయి సంగతి చెప్పాను. పెద్దాయన మీసం దువ్వుకుంటూ విన్నాడు. "బొగ్గు గనుల పిల్లలా? సరే అమ్మా. బయటి శబ్దం వల్ల ఆగిపోయారు కాబట్టి ఇంకో అవకాశం ఇవ్వడానికి వీలుంది. తర్వాత రెండు బళ్ళు ఉన్నాయి. అవి అయ్యాక మీరు మళ్ళీ మొదటి నుంచి వాయించండి. అది దాటితే మాత్రం నేను చేయగలిగింది లేదు" అన్నాడు. ఆ మనిషి కాళ్ళకు దండం పెట్టాలనిపించింది.

స్వరూప వాళ్ళ నాయిన

పిల్లల దగ్గరికి వచ్చేసరికి సగంమంది ఏడుస్తున్నారు. ఓడిపోతామని కాదు. "టీచర్, ఒక్కసారి ఇంటికి ఫోన్ చేస్త" అంది స్వరూప. ట్రంపెట్ కింద పెట్టి చెయ్యి చాచింది.

"గది కార్ఖానా సైరనే పిచ్చిదానా. మనది కాదు."

"ఎరుకే టీచర్. అయినా గుండె ఆగుతలేదు. నాయిన మొదటి షిఫ్టుల ఉన్నడు."

నా దగ్గర ఒక్క ఫోనే ఉంది. ఇచ్చాను. స్వరూప తర్వాత ఇంకొకరు, తర్వాత ఇంకొకరు. నాయిన ఇంట్లోనే పడుకున్నాడని ఒకరికి తెలిసింది, సెలవు పెట్టి బజారుకు పోయాడని ఇంకొకరికి తెలిసింది. ఒక్కొక్కరే మొహం కడుక్కుని ట్రంపెట్ చేతికి తీసుకున్నారు. మొదటి బడి ముగించింది. రెండోది మొదలుపెట్టింది.

మిగిలింది స్వరూప ఒక్కతే. మళ్ళీ ఫోన్ చేస్తే వాళ్ళ అమ్మ చెప్పిన మాట నాకు పక్క నుంచి వినపడింది. "ఇంక రాలేదు బిడ్డా. షిఫ్టు దిగే యాళ అయిపోయింది. బస్సు వచ్చింది గాని ఆయన రాలే." దాంతో ఆ పిల్ల ఫోను పట్టుకుని నేల మీద కూలబడింది.

రజిత మైదానం అంచున సుద్ద గీత మీదే నిలబడి ఉంది. డ్రమ్ము భుజాల నుంచి దింపనే లేదు. మిగతావాళ్ళను తనే వరుసలో నిలబెట్టింది. నా దగ్గరికి వచ్చి మెల్లగా అంది, "టీచర్, ఉన్నోళ్ళతోని పోదాం. స్వరూప పాట రెండో ట్రంపెట్ లతకు గూడ వచ్చు. నేను వెనకనుంచి కొడుత, గుంజుకపోత. రాండ్రి టీచర్, జల్ది."

లతకు పాట వచ్చు. పోతే పోగలిగేవాళ్ళం. ప్రైజు కూడా వచ్చేదేమో. కానీ స్వరూప నేల మీద కూర్చుని నా కాలు పట్టుకుంది. "నన్ను ఇడిసిపెట్టి పోకుండ్రి టీచర్. నాయిన మాట వినేదాక ఆగుండ్రి." ఆ పిల్లను అట్లా ఒంటరిగా కూర్చోబెట్టి, ఆమె పాటను ఇంకొకరితో ఎత్తించి, పక్కనే బాజాలు వాయించమనడం నా వల్ల కాలేదు.

"ఆగుదాం రజితా" అన్నాను.

రజిత నా మొహంలోకి చూసింది. వెనక్కి పోయి గీత మీద నిలబడింది.

పెద్దాయన రెండుసార్లు మనిషిని పంపాడు. మూడోసారి ఆయనే వచ్చి, స్వరూపను చూసి, నన్ను చూసి, తల ఊపి వెళ్ళిపోయాడు. పోటీలు ముగిసినట్టు గంట కొట్టారు. ఆ తర్వాత ఫోను మోగింది. స్వరూప వాళ్ళ నాయినే. ఆ పిల్ల "నాయినా!" అని పెట్టిన కేకకు వంటవాళ్ళు కూడా తిరిగి చూశారు. పిల్లలందరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు, నవ్వారు. పోటీ అయిపోయిందని వాళ్ళకు అప్పుడు గుర్తు కూడా లేదు.

రజిత డ్రమ్ము దింపుకుని, గుడ్డ కప్పి, దాని మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. తిరుగు రైల్లో అందరూ పల్లీలు తింటూ అంత్యాక్షరి ఆడారు. ఆమె మాత్రం కిటికీ వైపు తిరిగి పడుకుంది.

గది ఖాళీ చేసిన తర్వాత

కరస్పాండెంట్ గారు మాట తప్పలేదు. కమిటీలో నా తరఫున మాట్లాడారని నాకు తెలుసు. కానీ చేతిలో ప్రైజు లేకుండా ఆయన మాత్రం ఏం చేస్తారు? వాయిద్యాలన్నీ వేరే జిల్లాలో ఇంకో మిషన్ బడికి పంపేశారు. ట్రంపెట్లను పాత దుప్పట్లలో చుట్టి ఆటోలోకి ఎక్కించింది నేనే. రజిత ఆ రోజు బడికి రాలేదు. పరీక్షలు రాసి, పాసై, వెళ్ళిపోయింది.

నేను ఇంకా చాలా ఏళ్ళు పనిచేశాను. కబడ్డీ పిల్లలు కప్పులు తెచ్చారు. సన్మానాలు చేశారు, శాలువాలు కప్పారు. ఒక్కటి మాత్రం చెప్తాను, ఏ సాయంత్రమూ నాకు నిండుగా అనిపించలేదు. ఇప్పుడు జెండా పండుగ నాడు బడిలో స్పీకరు పెట్టి పాట వేస్తారు. పిల్లలు దానికి చేతులు ఊపుకుంటూ నడుస్తారు. చక్కగానే నడుస్తారు. నేను కాసేపు చూసి ఇంటికి వచ్చేస్తాను. వెనక వరుస నుంచి ఆ పెద్ద చప్పుడు వీపుకు తగలాలి నాకు. అది లేకపోతే నాకు అది నడకే కాదు.

అప్పటి పిల్లలు వస్తుంటారు. స్వరూప నస్పూర్‌లో ఉంటుంది, ఇద్దరు పిల్లలు. కిందటేడు వాళ్ళ నాయినను కూడా తీసుకొచ్చింది. ఆయనా రిటైరయ్యాడు. మాటల్లో ఆ రోజు సంగతి వచ్చింది. ఆయన తల గోక్కున్నాడు. "నాకేం ఎరుక టీచరమ్మా! గా రోజు దోస్తు కలిస్తే అడ్డ మీద చాయ్ తాగుకుంట ముచ్చట పెట్టిన. ఇంట్ల గింత లొల్లి అయితుందని నాకేం ఎరుక?"

"ఒక్క చాయ్‌కి నా బ్యాండు తాగేసినవ్ గదన్నా!" అన్నాను. ముగ్గురం పడీ పడీ నవ్వాం. వాళ్ళు పోయాక వంటింట్లోకి పోయి చాలాసేపు ఏడ్చాను. బ్యాండు పోయినందుకు కాదు, లింగయ్య కూడా అట్లా చాయ్ దగ్గర ఆగి ఆలస్యంగా వచ్చిన మనిషి ఎందుకు కాలేదని.

రజిత ఒక్కతే ఎప్పుడూ రాలేదు. కరీంనగర్‌లో ఒక దవాఖానలో నర్సుగా పనిచేస్తోందని విన్నాను. వాళ్ళ అమ్మను అడిగి నంబరు తీసుకుని, మొన్న సుజాత వచ్చి వెళ్ళిన మరునాడు ఫోన్ చేశాను.

"టీచర్! మంచిగున్నరా?" అంది. గొంతు మారలేదు. ఆరోగ్యం అడిగింది, మోకాళ్ళ నొప్పికి ఏం మందు వాడుతున్నానో అడిగి అది మార్చుకోమంది. నేనే ఉండబట్టలేక అడిగాను, "నా మీద కోపముందా బిడ్డా?"

ఎవరో ఆమెను పిలుస్తున్నారు, "వస్తున్న" అని వాళ్ళకు చెప్పింది.

"కోపమెందుకు టీచర్? మీరు చేసింది మంచిదే. మా నాయిన బతికుంటే నేను గూడ గట్లనే ఫోన్ పట్టుకొని కూసుందును." మళ్ళీ ఎవరో పిలిచారు. "గాని స్వరూపోళ్ళకు నాయినలున్నరు టీచర్. నాకు బ్యాండే ఉండె."

సుజాతా, నువ్వు పిల్లల్ని తీసుకుని ఏ గ్రౌండుకు పోయినా ఒక రోజు నీకూ ఇట్లాంటిది ఎదురవుతుంది. ఒకరి కన్నీళ్ళు తుడవాలంటే ఇంకొకరి చేతిలోది లాక్కోవాల్సి వస్తుంది. అప్పుడు ఏం చేయాలో నేను చెప్పలేను. ఆ రోజు మళ్ళీ వస్తే స్వరూప కోసం నేను మళ్ళీ ఆగుతాను. రజిత మొహం చూసి చెప్పడానికి మాత్రం నా దగ్గర మాట ఉండదు.

"ఒకసారి ఇంటికి రావే" అన్నాను ఫోనులో.

"డ్యూటీలున్నయి టీచర్. చూస్త" అంది.

ఇంకా రాలేదు. వస్తే ఏం మాట్లాడాలో నాకు తెలియదు. ఏం మాట్లాడకపోయినా సరే, ఒక పూట వచ్చి నా ఎదురుగా కూర్చుంటే చాలు.